ఎర్రకల్లం ఆడియో వారి తుమ్ము

మా అమ్మాయి ధనశ్రీ వారమంతా గుంటూరులో కాలేజీ పిల్లలకు కంప్యూటర్ పాఠాలు చెబుతుంది. ఆదివారం ఒంగోలు వచ్చి నాకు చెబుతుంది. "నాన్నా, మన యూట్యూబ్ ఛానల్లో కంపెనీ చరిత్ర అని ఒక పేజీ ఉంది. నాలుగు లైన్లు రాసివ్వు" అంది.

నాలుగు లైన్లట! తొమ్మిదేళ్లు నడిచి, పదిహేడు క్యాసెట్లు విడుదల చేసి, అందులో పదహారింటిని ఎలుకలకు సమర్పించుకున్న సంస్థ మాది. ఆ చరిత్ర నాలుగు లైన్లలో ఇమడదు. పైగా ఇరవై ఏడేళ్లుగా నేను కడుపులో దాచుకున్న సంగతి ఒకటి అందులో ఉంది. అది రాయకపోతే మిగతాదంతా రాసీ లాభం లేదు. చదివే తీరిక లేనివాళ్లు ఇక్కడే దిగిపోవచ్చు, నేనేమీ అనుకోను.

సంస్థ పేరు ఎర్రకల్లం ఆడియో. ఒంగోలు బస్టాండు వెనక సందులో మా కొట్టు. యజమానులం ఇద్దరం. నేను పానకాలు, రెండోవాడు మొహిద్దీన్ బాషా. మిరపకాయలు ఆరబోసిన కల్లం ఎర్రగా కళకళలాడుతుంది కాబట్టి ఆ పేరు నేను పెట్టాను. మొహిద్దీన్‌ది కొత్తపట్నం. సముద్రం కలిసొచ్చే పేరేదైనా పెడదామన్నాడు. "ఒరేయ్, చేపల వాసనొచ్చే పాటలు ఎవడు కొంటాడ్రా?" అని వాడి నోరు మూయించాను. మాటలు నావి, పని వాడిది. మైకు పట్టుకున్నా, టేపు కోసి అతికించినా వాడి చేతిలో నేర్పుంది. నాకున్నదల్లా నోరు.

సినిమా పాటలు అందరూ అమ్ముతున్నారు. పొలాల్లో ఆడవాళ్లు పాడుకునేవి ఎవరూ అమ్మడం లేదు. అదీ మా ఆలోచన. అమ్మకపోవడానికి కారణమేమిటని ఆలోచించాల్సింది, ఆలోచించలేదు.

తొంభై ఎనిమిది ఫిబ్రవరిలో పర్చూరు రోడ్డు మీద నేనెక్కిన బస్సు టైరు పంక్చరైంది. అందరూ దిగి డ్రైవర్ని తిడుతున్నారు. అంతలో పక్క చేలోంచి ఒక పాట వినిపించింది. ముప్పై మంది ఆడవాళ్లు వంగి మిరపకాయలు కోస్తున్నారు. వాళ్లలో ఒకామె ఎత్తుకుంటే మిగతావాళ్లు అందుకుంటున్నారు.

గోరెర్రబడితే చూసి గోరింట అనుకుంటివా
గోరింట కాదు మావా, కోతకొచ్చిన కాయరా

టైరు మార్చి బస్సు వెళ్లిపోయింది. నేను గట్టు మీదే నిలబడిపోయాను. ఆ గొంతు అలాంటిది. అందులో కారం ఉంది, వేళాకోళం ఉంది, ఎక్కడో అడుగున కాస్త దిగులు కూడా ఉంది. ఆవిడ పేరు రాఘవమ్మ. ఆ కోత కూలీల ముఠాకు పెద్ద. అప్పటికి ఆవిడకు ముప్పై ఉంటాయేమో. నా పేరు చెప్పుకుని, పాట ఎవరు కట్టారని అడిగితే, "ఎవురు కట్టేదేంటి పానకాలన్నా? పని చేస్తా ఉంటే అదే వస్తది" అంది. గంటసేపు బతిమాలితే ఒక ఆదివారం గుంటూరు వచ్చి పాడటానికి ఒప్పుకుంది.

గుంటూరే ఎందుకంటే మాకు స్టూడియో లేదు. మా నాన్న మిర్చి యార్డులో నలభై ఏళ్లు కాటా వేసినవాడు. ఆయన మాట మీద ఒక కమీషన్ కొట్టువాళ్లు గోదాము తాళం ఇచ్చారు. మిరపకాయల బస్తాను మావాళ్లు టిక్కీ అంటారు. గోదాము నిండా పైకప్పు దాకా టిక్కీలు. ఆదివారం యార్డుకు సెలవు కాబట్టి లారీల గోల ఉండదు. చుట్టూ టిక్కీలుంటే బయటి చప్పుడు లోపలికి రాదు, లోపలి గొంతు గోడకు కొట్టుకుని తిరిగి రాదు. ఈ తెలివి మొహిద్దీన్‌ది. నిజంగా గొప్ప తెలివే. కాకపోతే ఫ్యాను తిరిగితే మైకులో గుయ్యిమంటుందని ఫ్యాన్లు ఆపాం, షట్టరు దించాం. సన్నరకం మిరపకాయల ఘాటు, ముఠా ఆడవాళ్లు నలుగురు, రాఘవమ్మ, మేమిద్దరం లోపల మిగిలాం.

ఇక్కడ మా పరువు సంగతి ఒకటి చెప్పాలి. యార్డు మనిషి మిరపకాయల ఘాటుకు తుమ్మడు. బయటి ఊళ్ల నుంచి వచ్చిన వ్యాపారులు తుమ్ముతారు, మేం చూసి నవ్వుతాం. తుమ్మినవాణ్ణి "ఏ ఊరు బాబూ మీది?" అని అడుగుతాం. అంతకంటే పెద్ద తిట్టు యార్డులో లేదు. మా నాన్న తుమ్మగా నేను చూడలేదు. కోతలకు పోయే ఆడవాళ్ల దగ్గరా ఇదే లెక్క. చేలో తుమ్మిందంటే పని కొత్తని అర్థం. ముఠా పెద్ద తుమ్మడమంటే ఇంక చెప్పక్కర్లేదు.

ఆ రోజు మొహిద్దీన్ ముక్కుకు తడి తువ్వాలు చుట్టుకుని వచ్చాడు. నేను వదల్లేదు. "కొత్తపట్నం వాడివి, నీకు తప్పదులే. నన్ను చూడు, ఈ టిక్కీల మధ్య పుట్టినోణ్ణి" అని అందరి ముందూ రొమ్ము విరుచుకున్నాను.

వంత పాడే నలుగుర్నీ ఒక వరస టిక్కీల వెనక నిలబెట్టాం. మొహిద్దీన్ చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకుని ఇంకో వరస వెనక మెషీన్ ముందు కూర్చున్నాడు. మధ్యలో మైకు, రాఘవమ్మ, ఆవిడకు వేలెత్తి సైగ చేయడానికి నేను. ఆరుసార్లు ఏదో ఒకటి తేడా వచ్చింది. ఏడోసారి ఆవిడ కళ్లు మూసుకుని ఎత్తుకుంది. ఆ పాట ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. "గోరింట కాదు మావా" అని, ఊపిరి తీసుకోవడానికి ఒక్క క్షణం ఆగింది.

ఆ క్షణంలో నేను తుమ్మాను.

అవును, నేనే. ఎంత ఆపుకున్నా ఆగలేదు. రాఘవమ్మ కళ్లు తెరిచి నన్ను చూసింది కానీ పాట ఆపలేదు. "కోతకొచ్చిన కాయరా" అని అందుకుని చివరి దాకా పాడింది. మొహిద్దీన్ టిక్కీల సందులోంచి తల బయటపెట్టి, "ఎవరు తుమ్మింది?" అన్నాడు.

"రాఘవమ్మ" అన్నాను.

ఎందుకన్నానో అప్పుడు తెలియలేదు. ఇప్పుడు తెలుసు. నలుగురు ఆడవాళ్లు వింటున్నారు, పొద్దున నేను రొమ్ము విరుచుకున్నాను, అంతే. రాఘవమ్మ గొడవ చేయలేదు. బస్సు టైమవుతోంది. వెళ్తూ వెళ్తూ నా పక్కన ఆగి, "ఆ తుమ్ము తీసేస్తారుగా పానకాలన్నా?" అని మెల్లగా అడిగింది. "తీసేస్తాం" అన్నాను.

తీయలేకపోయాం. టేపు కలిసొస్తుందని మొహిద్దీన్ అన్నిసార్లూ ఒకే టేపు మీద రికార్డు చేశాడు, పాత ఆరూ చెరిగిపోయాయి. తుమ్మును బ్లేడుతో కోస్తే దాంతోపాటు మావా కూడా పోతున్నాడు. కోతలు ముమ్మరంగా ఉన్నాయి, ఆవిడను మళ్లీ పిలవడానికి నాకు మొహం చెల్లలేదు. ఎవరికి వినపడుతుందిలే అనుకున్నాం.

అందరికీ వినపడింది. మా వైపు ఎవరైనా బయల్దేరేటప్పుడు ఒంటి తుమ్ము వినిపిస్తే ఆగుతారు. కాసేపు కూర్చుని, మంచినీళ్లు తాగి, అప్పుడు కదులుతారు. మా క్యాసెట్ పెట్టుకుని గుంటూరు యార్డుకు టిక్కీలు తోలే ట్రాక్టర్లు ఆ తుమ్ము దగ్గర ఆగడం మొదలుపెట్టాయి. నవ్వకండి. చిలకలూరిపేట దాటాక ఒక ట్రాక్టరు వెనక ఇంకోటి ఆగి, డ్రైవర్లు నీళ్ల సీసాలు ఎత్తడం నా కళ్లతో చూశాను. ఒకాయన కొట్టుకొచ్చి క్యాసెట్ నా మొహాన కొట్టి, "పాట బాగుందయ్యా, ప్రయాణమే సాగట్లా" అన్నాడు.

మా పని అయిపోయిందనుకున్నాం. కానీ రెండు తుమ్ములైతే మంచిదంటారు కదా. ఎవరో మహానుభావుడు దారి కనిపెట్టాడు. టేపు తుమ్మగానే తనూ ఒక తుమ్ము తుమ్మేవాడు. జత కుదిరింది, దోషం పోయింది. నెల తిరిగేసరికి ట్రాక్టర్ల మీద కూలీలంతా ఒక్కసారిగా తుమ్ముతున్నారు. పెళ్లిళ్లలో మైకు సెట్లవాళ్లు ఆ పాట వేసి, ఆ చోట సౌండు తగ్గించి జనంతో తుమ్మించేవాళ్లు. కొట్టు ముందు క్యాసెట్ల కోసం వరస కట్టారు. జీవితంలో మొదటిసారి మా ఆవిడ నన్ను మెచ్చుకుంది.

రాఘవమ్మను మాత్రం ఆ పాట ముంచేసింది. అట్ట మీద "గానం: రాఘవమ్మ బృందం" అని పెద్ద అక్షరాలు వేశాం కదా, తుమ్ము కూడా ఆవిడ ఖాతాలోనే పడింది. ఆవిడ ఊళ్లో నడుస్తుంటే పిల్లకాయలు వెనక తుమ్మేవాళ్లు. చేలో వంగితే పక్క ముఠావాళ్లు తుమ్మేవాళ్లు. "నేను కాదు, ఆ పానకాలు తుమ్మాడు" అని ఆవిడ ఎంత చెప్పినా, "యార్డులో పుట్టిన మనిషి తుమ్ముతాడా?" అని నవ్వేవారట. వంత పాడిన నలుగురు కూడా టిక్కీల వెనక నుంచి విన్నదే నిజమనుకున్నారు. విన్నది నా మాటే కదా.

ఆ ఏడు వేసవిలో ఆవిడ ఒక్కతే ఒంగోలు వచ్చింది. నేను కుర్చీ వేశాను, కూర్చోలేదు.

"నువ్వు తుమ్మావని నలుగుర్లో ఒక్క మాట చెప్పు. నేను ఇంకేం అడగను" అంది.

"పాట బాగా పోతా ఉంది రాఘవమ్మా. ఇప్పుడు చెప్పి ఏం లాభం? జనం సరదాగా అంటున్నారు, నువ్వు కూడా సరదాగా తీసుకోవాలి" అన్నాను.

"సరేనయ్యా" అని వెళ్లిపోయింది. అన్నా అనే పిలుపు ఆ రోజుతో పోయింది. పాట కూడా పోయింది. రెండో క్యాసెట్ కోసం ఎన్ని కబుర్లు పంపినా రాలేదు. చేలో కూడా పాడటం మానేసిందని తర్వాత తెలిసింది. తెలిసి కూడా నేను నోరు మెదపలేదు.

ఆ తర్వాత మా చరిత్ర చెప్పుకోవడానికి నవ్వొస్తుంది. గిత్తల బండలాగుడు పోటీల కామెంటరీని క్యాసెట్‌గా వేశాం. గెలిచిన గిత్తల యజమాని ఒక్కడే నలభై కొన్నాడు, రోజూ వాటికి వినిపిస్తున్నానని చెప్పాడు. ఇంకెవరూ కొనలేదు. చీరాల మగ్గాల మీద పాటలన్నాం, మగ్గం చప్పుడు తప్ప పాట వినపడలేదు. కొత్తపట్నం జాలర్ల పాటలన్నాం, గాలి మొత్తం మైకులో దూరింది. ప్రతిసారీ మొహిద్దీన్, "రాఘవమ్మ లాంటి గొంతు ఇంకోటి దొరకదురా" అనేవాడు. నేను మాట మార్చేవాణ్ణి. రెండు వేల ఏడులో బోర్డు దించేసి, అదే కొట్లో జిరాక్స్ మెషీన్ పెట్టుకున్నాం.

మొన్న డిసెంబరులో ధనశ్రీ అటక సర్దుతుంటే పాత మాస్టర్ టేపు దొరికింది. అప్పటికే ఎవరో ఆ పాటలో తుమ్మున్న ముక్కను ఫోన్లలోకి ఎక్కించారట. దేశంలో ఆడపిల్లలంతా ఎర్రగోళ్లు చూపించి తుమ్ముతున్నారట. మనమే అసలు పాట మొత్తం పెడదాం, ఛానల్ మొదలుపెడదాం అని ధనశ్రీ ఉత్సాహపడింది. "కానీ పాడినామెను అడగకుండా పెట్టను" అని, నంబరు సంపాదించి ఫోన్ చేసింది. నేను జిరాక్స్ మెషీన్ తుడుస్తున్నట్టు నటిస్తూ విన్నాను.

అవతల రాఘవమ్మ ఏమందో నాకు వినపడలేదు. ధనశ్రీ ఫోన్ పెట్టేసి, "తుమ్మింది ఎవరో మీ నాన్నను అడుగు, చెప్తే పెట్టుకో అంది నాన్నా. ఎవరు?" అని అడిగింది.

అరవై ఏళ్ల మనిషిని, కూతురి ముందు తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. చివరికి చెప్పాను. ధనశ్రీ నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. కొట్లోనే కూర్చున్న మొహిద్దీన్ వైపు తిరిగి, "మీకు కూడా తెలీదా బాబాయ్?" అంది.

మొహిద్దీన్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "హెడ్‌ఫోన్ పెట్టుకున్నవాడికి మగతుమ్మేదో ఆడతుమ్మేదో తెలీదా అమ్మా? తెలుసు. వీడే చెప్తాడులే అని చూశా. చూస్తా చూస్తా ఇరవై ఏడేళ్లయింది" అన్నాడు.

"ఒరేయ్, తెలిసి నాతో ఒక్క మాటైనా అన్లేదేంట్రా?"

"అంటే కంపెనీ ఉండేదా?" అన్నాడు వాడు.

మర్నాడు నేనే ఫోన్ చేసి రాఘవమ్మకు క్షమాపణ చెప్పాను. ఆవిడ చివరి దాకా విని, "నాకు చెప్తే నాకేం వస్తదయ్యా? నాకు తెలియందా? మా కోతల్లోకి వచ్చి మావాళ్లకు చెప్పు" అంది.

వెళ్లాం. నేను, మొహిద్దీన్, ధనశ్రీ. మధ్యాహ్నం కూలీలు ట్రాక్టరు ట్రక్కు నీడలో క్యారేజీలు విప్పుకుని కూర్చున్నారు. నలభై మంది దాకా ఉన్నారు. పక్కనే కోసిన తేజ రకం కాయలు గుట్టగా పోసి ఉన్నాయి. రాఘవమ్మ జుట్టు తెల్లబడింది. నన్ను చూసి లేవలేదు, పలకరించలేదు. పచ్చడి ముద్ద కలుపుతూ తల మాత్రం ఆడించింది, చెప్పమన్నట్టు.

నేను నిలబడి అంతా చెప్పాను. గోదాము, ఏడోసారి, నేను తుమ్మడం, ఆవిడ మీదకు నెట్టడం. చెప్పడం అయిపోయాక గుండెల మీంచి బండ దిగినట్టనిపించింది.

ఆ హాయి అర నిమిషం ఉందేమో. బసవమ్మ అని, వాళ్లలో అందరికంటే పెద్దావిడ, పొంగిపోయి నా వైపు చూసింది. "ఎంత మంచోడివి నాయనా! మా రాఘవమ్మ పరువు కోసం నీ నెత్తినేసుకుంటన్నావు. ఈ రోజుల్లో ఎవురు చేస్తారు?" అంది.

"నెత్తినేసుకోవడం కాదమ్మా, నిజంగా నేనే తుమ్మాను" అన్నాను.

"ఊరుకో. యార్డులో కాటా వేసిన అయ్య కొడుకువి, నువ్వు తుమ్మడమేంటి?" అని అందరూ నవ్వారు.

నాకు ఒళ్లు మండింది. ఎంత గట్టిగా చెబితే అంత మంచోణ్ణి అవుతున్నాను. ఒట్టు పెట్టాను, నవ్వారు. ధనశ్రీ నా తరఫున చెప్పబోతే, "కూతురు కాబట్టి చెప్తది" అన్నారు. చివరికి కోపం పట్టలేక వెళ్లి ఆ కాయల గుట్టలో మొహం పెట్టాను. తుమ్మి చూపిద్దామని గట్టిగా పీల్చాను. కళ్లలో నీళ్లు ధారకట్టాయి, ముక్కు భగ్గుమంది. తుమ్ము మాత్రం రాలేదు. ఇంకోసారి పీల్చాను. రాలేదు. వెనక మొహిద్దీన్ వరసగా నాలుగు తుమ్మాడు.

"అదిగో! ఆయన తుమ్మాడంటే నమ్ముతాం" అంది బసవమ్మ. అందరూ తలలాడించారు.

మొహిద్దీన్ నా చెవి దగ్గరకు వచ్చి, "ఒరేయ్, నేనే అని చెప్పనా? ఆమె మీదున్న మచ్చ పోద్ది, మనం ఇంటికి పోవచ్చు" అన్నాడు. వాడు నిజంగానే చెప్పేసేవాడు. వాడి మంచితనం అలాంటిది. నేను వద్దన్నాను. ఒకసారి ఒక మనిషి మీదకు నెట్టింది చాలు.

కళ్లు తుడుచుకుని చూస్తే అందరూ నవ్వుతున్నారు, రాఘవమ్మ ఒక్కతే నవ్వడం లేదు.

"నేనూ ఇట్టాగే చెప్పానయ్యా" అంది. "ఒట్టేసి చెప్పా. అరిచి చెప్పా. ఏడ్చి చెప్పా. ఇట్టాగే నవ్వారు."

సిగ్గుతో నా తల వంగిపోయింది. ఇన్నేళ్లూ ఆవిడకు పరువు పోయిందని, కోపమొచ్చిందని అనుకున్నాను. నిజం చెబుతున్న మనిషి చుట్టూ నలుగురూ నవ్వుతుంటే లోపల ఎలా ఉంటుందో నాకు ఆ చేలో తెలిసింది.

ధనశ్రీ ఆవిడ పక్కన కూర్చుని, కంప్యూటర్లో ఆ తుమ్ము తీసేస్తానని, ఇప్పుడది చిటికెలో పనని చెప్పింది. రాఘవమ్మ ఒప్పుకోలేదు. "తీసేస్తే నేను తుమ్మి తీసేయించుకున్నా అంటారు. ఉంచు. కింద పేర్లు రాస్తారు గదా, అక్కడ మీ నాన్న పేరు కూడా రాయి" అంది. అందుకే మీరు ఛానల్లో ఆ పాట కింద చూస్తే "గానం: రాఘవమ్మ, తుమ్ము: పానకాలు" అని ఉంటుంది. దాని కింద జనం ఏం రాస్తున్నారో కూడా చూడండి. తొంభై మంది పగలబడి నవ్వే బొమ్మలు పెట్టారు. "ఆ ఆంటీ తుమ్ము భలే ఉంది" అని మిగతావాళ్లు.

వచ్చేసేటప్పుడు ఆగలేక అడిగాను. "మళ్లీ పాడతావా రాఘవమ్మా? రికార్డింగు కోసం కాదు."

ఆవిడ చేయి కడుక్కుని కొంగుతో తుడుచుకుంది. "వీళ్లలో ఒక్కళ్లు నీ మాట నమ్మిన రోజు పాడతాలే" అంది.

కోతలు ఇంకో మూడు వారాలుంటాయి. రోజూ ఎనిమిదింటి బస్సుకు క్యారేజీ కట్టుకుని వెళ్తున్నాను. మధ్యాహ్నం వాళ్ల పక్కన కూర్చుని మళ్లీ మొదటి నుంచి చెబుతున్నాను. వాళ్లు నాకు గోంగూర వేస్తున్నారు, మజ్జిగ పోస్తున్నారు, నా మంచితనం గురించి పక్క ముఠాలకు చెబుతున్నారు. నిన్న బసవమ్మ, "ఈయనకు గుడి కట్టినా తప్పులేదు" అంది. నాకు అన్నం సహించలేదు. రాఘవమ్మ నా వైపు చూసి, తన గ్లాసులో నీళ్లు నాకు ఇచ్చింది.

ఆవిడ ఇరవై ఏడేళ్లు మోసింది. నేను పదకొండు రోజులకే అలిసిపోయాను.